బరువుల వ్యాయామం, వెన్నెముక, కండలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బరువులు ఎత్తడం నేర్పే పనిలో ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్నలు నాకు రోజూ ఎదురవుతాయి. కొన్ని జిమ్‌లో అడిగినవి, కొన్ని పెళ్లిళ్లలో భోజనాల దగ్గర చుట్టాలు పక్కకు పిలిచి అడిగినవి. నేను డాక్టర్ను కాను. ఇప్పటికే నొప్పితో ఉన్నవాళ్లు ముందు "డాక్టర్ దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి" అన్న ప్రశ్న చదివి, ఆ తర్వాత మిగతావి చూడండి.

బరువులు ఎత్తితే వెన్నుపూసలు అరిగిపోతాయని మా ఇంట్లో అంటారు. నిజమేనా?

అరిగిపోవు. ఎముకలో ప్రాణముంది. తన మీద ఎంత భారం పడుతోందో చూసుకుని, దానికి తగ్గట్టు తనను తాను తిరిగి కట్టుకుంటుంది. భారం పడకపోతే పలచబడుతుంది. నెలల తరబడి అంతరిక్షంలో ఉండి వచ్చిన వ్యోమగాముల్లోనూ, చాలాకాలం మంచాన పడ్డవాళ్లలోనూ జరిగేది ఇదే.

ఆస్ట్రేలియాలో లిఫ్ట్‌మోర్ అని ఒక అధ్యయనం చేశారు, ఫలితాలు 2018లో వెలువడ్డాయి. అందులో ఉన్నవాళ్లంతా ముట్లు ఆగిపోయి, ఎముకలు పలచబడ్డ స్త్రీలు. కొందరి చేత వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, 8 నెలలపాటు డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువు పట్టుకుని లేచి నిలబడడం), స్క్వాట్ (బరువుతో గుంజీ), తలపైకి బరువు నెట్టడం లాంటివి చేయించారు. బరువులు తేలికవి కావు, వాళ్ల శక్తికి దాదాపు అంచున ఉండేవే. నిపుణులు పక్కనే ఉండి, మెల్లగా పెంచుతూ చేయించారు. నడుము పూసల్లో ఎముక సాంద్రత పెరిగింది. ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసుకున్న రెండో జట్టుకు ఆ ఫలితం రాలేదు.

నడుము పట్టేసిన కథలు మీరు విన్నవీ నిజమే. ఆర్నెల్లు కుర్చీలోంచి కదలకుండా ఉండి, ఇల్లు మారే రోజున బీరువాకు భుజం పట్టినవాళ్లకు అలా జరుగుతుంది. అలవాటు లేని బరువు, అలవాటు లేని భంగిమ, ఒక్కసారిగా. ఈ మూడూ కలిసినప్పుడే చిక్కు.

"వెన్ను నిటారుగా పెట్టు" అంటారు. నిటారంటే కర్రలా ఉండాలా?

వెన్నెముక సహజంగానే వంపులున్నది. మెడలో 7 పూసలు, ఛాతీ వెనక 12, నడుములో 5. వీటి కింద, పూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఏర్పడ్డ త్రికం, తోక ఎముక. మెడ, నడుము లోపలికి వంగి ఉంటాయి, ఛాతీ వెనక భాగం బయటికి. ఈ వంపులు ఉన్నాయి కాబట్టే నడిచినా, దూకినా అదురు తలదాకా పూర్తిగా చేరదు. నిటారు అంటే ఈ వంపుల్ని మీకు ఎంత ఉన్నాయో అంతే నిలుపుకోవడం. బలవంతంగా ఛాతీ విరిచి, నడుము లోపలికి తోసి నిలబడడం కూడా తప్పే. జిమ్‌లో కుర్రాళ్లలో ఇది ఎక్కువ కనిపిస్తుంది.

మాప్ కర్ర ఒకటి తీసుకుని వెన్ను వెంట నిలువుగా పట్టుకోండి. తల వెనక, భుజం రెక్కల మధ్య, పిరుదుల పైన త్రికం దగ్గర, ఈ మూడు చోట్లా కర్ర తగలాలి. మెడ వెనకా, నడుము వెనకా కొంచెం సందు ఉండాలి. నడుము దగ్గర అరచెయ్యి పట్టేంత సందు చాలు. ఇప్పుడు అలాగే ముందుకు వంగి చూడండి. కర్ర ఏ చోట విడిపోయిందో, మీ వెన్ను అక్కడ పట్టు తప్పుతోంది.

నడుము వంచకుండా వంగడమంటే ఏంటండీ? ట్రైనర్ రోజూ "హింజ్, హింజ్" అంటాడు, నాకు అర్థం కాదు.

ఈ ఒక్కటి ఒంటికి పట్టిందంటే మిగతా వ్యాయామాల్లో సగం వచ్చేసినట్టే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువే రాస్తున్నాను.

కింద పడ్డ వస్తువు తీయాలంటే ఒళ్లు రెండు చోట్ల మడవొచ్చు. ఒకటి నడుము పూసల దగ్గర, రెండోది తుంటి దగ్గర. నడుములో ఒక్కో పూస జంట మధ్య కొద్ది డిగ్రీలే వంగుతుంది. తుంటిది బంతి గిన్నె కీలు. అది 100 డిగ్రీలకు పైగా మడుస్తుంది, ఒంట్లోకెల్లా పెద్ద కండలు దాని చుట్టూనే ఉన్నాయి. హింజ్ అంటే తలుపు బందు. తలుపు బందుల దగ్గర తిరగాలి, పలక మధ్యలో వంగకూడదు. ఇదీ అంతే.

గోడకు వీపు పెట్టి, ఒక అడుగు దూరంలో నిలబడండి. పాదాల మధ్య తుంటి వెడల్పంత ఎడం ఉంచండి. మోకాళ్లు కొంచెం సడలించండి. రెండు అరచేతుల అంచుల్ని తొడ, పొట్ట కలిసే మడతలో పెట్టండి. ఇప్పుడు పిరుదుల్ని వెనక్కి పంపి గోడను తాకండి. ఆలోచన అంతా వెనక్కి వెళ్లడం మీదే ఉండాలి, కిందికి వంగడం మీద కాదు. చేతులు ఆ మడతలో నలిగినట్టు అవ్వాలి. ఛాతీ దానంతట అదే ముందుకు వాలుతుంది. తాకగలిగారా? రెండు అంగుళాలు ముందుకు జరిగి మళ్లీ చేయండి. ఒక దూరం దగ్గర తొడల వెనక గట్టిగా లాగినట్టు తెలుస్తుంది. అక్కడ ఆగండి. లాగుడు నడుములో తెలుస్తోందంటే మాత్రం వెనక్కి వెళ్లడం మానేసి కిందికి కూలుతున్నారని అర్థం. లేచేటప్పుడు పాదాలతో నేలను గట్టిగా తొక్కి తుంటిని ముందుకు తెచ్చి, పైన పిరుదులు బిగించి ఆపేయండి. చాలామంది అక్కడితో ఆగకుండా వెనక్కి వాలతారు. అవసరం లేదు.

ఇక బరువు సంగతి. నడుము వెనక కండలు పూస మధ్యభాగం నుంచి ఐదారు సెంటీమీటర్ల దూరంలో ఉండి లాగుతాయి. చేతిలో ఉన్న 10 కిలోల బరువు ఒంటికి 50 సెంటీమీటర్లు ముందు ఉందనుకోండి, ఆ కొద్ది దూరం నుంచే దాన్ని నిలపడానికి కండలు దాదాపు పది రెట్ల బలంతో లాగాలి. మీ ఒంటి పైభాగం బరువు దీనికి అదనం. అదే 10 కిలోలు పొట్టకు ఆనించి పట్టుకుంటే భారం ఎన్నో రెట్లు తగ్గుతుంది. బరువును ఒంటికి దగ్గరగా ఉంచమని పదేపదే చెప్పేది ఇందుకే.

గ్యాస్ సిలిండరే చూడండి. గ్యాస్ 14.2 కిలోలు, ఇనుము దాదాపు అంతే, కలిపితే దాదాపు 30 కిలోలు. గుమ్మం దగ్గర దించిన సిలిండర్‌ను చాలామంది ఒంటి చేత్తో పట్టుకుని, పక్కకు మెలి తిరిగి, మోకాళ్లు బిగదీసి లాగుతారు. వంగడం, మెలి తిరగడం, బరువు, మూడూ ఒకేసారి పడితే పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ గోడకు అంతకంటే కష్టం ఉండదు. ఎదురుగా, కాళ్లకు తగిలేంత దగ్గరగా నిలబడండి. పిరుదులు వెనక్కి పంపి, పై రింగును రెండు చేతులతో పట్టుకుని, పొట్ట బిగించి లేవండి. పక్కకు తిరగాలంటే నడుముతో తిరగకుండా అడుగులు వేసి తిరగండి. వయసైనవాళ్లయితే ఎత్తే మాటే వద్దు, అంచు మీద దొర్లించుకుంటూ తీసుకెళ్లండి.

ఏ కండ ఏం పని చేస్తుంది? కోర్ అంటే సిక్స్‌ప్యాకేనా?

సిక్స్‌ప్యాక్‌గా కనిపించేది ఒక పొరే. వెన్నును పట్టి ఉంచే కండలు చుట్టూ ఉంటాయి. పైన ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం, కింద కటి అడుగున ఉండే పెల్విక్ ఫ్లోర్ కండలు, ముందూ పక్కలా పొట్ట కండల పొరలు, వెనక పూసకూ పూసకూ మధ్య అల్లుకున్న మల్టీఫిడస్, దాని మీదుగా నిలువునా సాగే పొడవాటి వెన్ను కండలు. ఈ చుట్టుకట్టు బిగిసినప్పుడు లోపల ఒత్తిడి పెరిగి, పూసలు ఉన్నచోటే ఉంటాయి.

నా దృష్టిలో నడుము కండల ముఖ్యమైన పని కదలించడం కంటే కదలనివ్వకపోవడం. కదలించే పని పిరుదులది, తొడలది, భుజాలది. పిరుదుల కండ తుంటిని తెరుస్తుంది. తొడ వెనక కండలు దానికి తోడు. వీపు పక్కల రెక్కల్లా పరుచుకున్న లాట్స్ చేతిని కిందికీ వెనక్కీ లాగుతూనే, నడుము వెనక ఉన్న దట్టమైన పొరతో కలిసి వెన్నుకు బిగుతునిస్తాయి. డెడ్‌లిఫ్ట్‌లో "చంకలు బిగించు" అనేది ఇందుకే. పిరుదులు బద్ధకిస్తే ఆ పని నడుము మీద పడుతుంది. అది ఆ పని కోసం పుట్టింది కాదు.

దీన్ని ఇప్పుడే వేలితో తెలుసుకోవచ్చు. నిలబడి, నడుము వెనక పూసల వరుసకు అటూ ఇటూ ఉన్న కండల మీద బొటనవేళ్లు నొక్కి ఉంచండి. తలను, గడ్డాన్ని ముందుకు చాచి కొంచెం వాలండి. కండలు రాయిలా గట్టిపడతాయి. మెల్లగా తలను భుజాల మీదికి తెచ్చి, బరువు పాదాల మధ్యకు వచ్చేలా నిలబడండి. ఒకచోటుకు రాగానే ఆ కండలు మెత్తబడతాయి. మీ ఒంటికి సరైన నిలకడ అదే. ఫోన్ చూస్తూ రోజంతా మొదటి భంగిమలో ఉండేవాళ్ల నడుము కండలకు సాయంత్రం దాకా సెలవే దొరకదు.

పొట్ట తగ్గడానికి సిటప్‌లు, క్రంచెస్ చేయమన్నారు. చేయొచ్చా?

ఒకచోట కండ పనిచేస్తే అక్కడి కొవ్వే కరుగుతుందనుకోవడం పొరపాటు. పొట్ట తగ్గేది తిండి వల్ల, మొత్తం కదలిక వల్ల. నడుము నొప్పి ఉన్నవాళ్లకు సిటప్‌లు నేను చెప్పను, పదేపదే పూర్తిగా వంగడం వాళ్లకు కలిసిరాదు.

వాటి బదులు మూడు చేయండి. కెనడాలో వాటర్‌లూ యూనివర్సిటీలో వెన్నెముక మీద దశాబ్దాలు పరిశోధన చేసిన స్టువర్ట్ మెక్‌గిల్ వీటిని ప్రచారంలోకి తెచ్చారు. మొదటిది, ఒక మోకాలు మడిచి వెల్లకిలా పడుకుని, చేతులు నడుము కింద పెట్టి, తలా భుజాలూ నేల నుంచి కొద్దిగా మాత్రమే లేపి ఆపడం. రెండోది, పక్కకు పడుకుని మోచేయి మీద ఒంటిని లేపి నిలపడం, అంటే సైడ్ ప్లాంక్. మూడోది, మోకాళ్లూ చేతుల మీద ఉండి, ఒక వైపు చెయ్యీ, రెండో వైపు కాలూ చాచి ఆపడం, దీన్ని బర్డ్ డాగ్ అంటారు. ఒక్కోసారి పది సెకన్లు మించి పట్టి ఉంచొద్దు. ఎక్కువసార్లు కావాలంటే మళ్లీ మొదలుపెట్టండి. మూడోదానిలో నడుము మీద నీళ్ల గ్లాసు పెట్టినా ఒలకకూడదు, అంత నిదానంగా చేయాలి.

ఊపిరి ఎప్పుడు తీయాలి, ఎప్పుడు వదలాలి?

ఎత్తే ముందు పొట్టలోకి, పక్కటెముకలు వెడల్పయ్యేలా గాలి పీల్చి, ఎవరో పొట్టలో గుద్దబోతుంటే బిగించినట్టు బిగించండి. పొట్టను లోపలికి లాక్కోకండి, అలా లాగితే చుట్టుకట్టు వదులవుతుంది. బరువు పైకొచ్చే కష్టమైన చోటు దాటాక మెల్లగా వదలండి.

బీపీ ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, కంటి రెటీనా సమస్య లేదా హెర్నియా ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టకూడదు. బిగబట్టి లాగిన ఆ క్షణాల్లో రక్తపోటు విపరీతంగా పెరుగుతుంది. వీళ్లు తేలిక బరువుతో, ఎత్తేటప్పుడు నోటితో గాలి వదులుతూ చేయాలి. అదీ డాక్టర్‌ను అడిగాకే.

ఎమ్మారైలో డిస్క్ బల్జ్ అని వచ్చింది. ఇక జన్మలో బరువు ఎత్తకూడదా?

రిపోర్టు చేతికి రాగానే మనిషి సగం కుంగిపోతాడు. "ఎల్ఫోర్ ఎల్ఫైవ్ పోయింది" అని చెప్పుకుంటూ వస్తారు, అంటే నడుములో నాలుగో, ఐదో పూసల మధ్య డిస్క్ అన్నమాట. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. పోయింది ఏమీ ఉండదు చాలాసార్లు.

ఏ నొప్పీ లేని వేలమంది స్కానింగులను కలిపి చూసిన ఒక పెద్ద సమీక్ష 2015లో వచ్చింది. నొప్పి తెలియని ఇరవై ఏళ్లవాళ్లలోనే 30 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి. డిస్క్ అరుగుదల అయితే ఇరవైల్లో 37 శాతం, ఎనభైల్లో 96 శాతం. అంటే వయసుతో జుట్టు నెరిసినంత మామూలుగా వచ్చే మార్పులు కూడా రిపోర్టులో పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. స్కానింగులో కనిపించినదీ, మీకున్న నొప్పీ ఒకటేనా కాదా అన్నది మిమ్మల్ని చేతితో పరీక్షించిన డాక్టరే చెప్పగలరు. డిస్క్ బయటికి జారిన ముక్క కూడా చాలామందిలో నెలలు గడిచేకొద్దీ తనంతట తానే కుదించుకుపోతుంది.

నొప్పి తీవ్రంగా ఉన్న రోజుల్లో బరువుల జోలికి పోకండి. నడవండి. మంచం పట్టి వారాలు గడపడం మేలు చేయదు. నొప్పి తగ్గుముఖం పట్టాక ఫిజియోథెరపిస్ట్ దగ్గర మొదలుపెట్టి, గోడ దగ్గర హింజ్, బర్డ్ డాగ్, ఆ తర్వాత ఐదు కిలోల కెటిల్‌బెల్ (పిడి ఉన్న ఇనుప గుండు). తొందరేం లేదు. కాలిలోకి పాకే నొప్పి వెనక్కి తగ్గుతూ నడుము దగ్గరకే పరిమితమవుతుంటే మంచి సూచన. కిందికి, పాదం వైపు దిగుతుంటే ఆపి డాక్టర్‌కు చూపించండి.

డాక్టర్ దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి?

మూత్రం, మలం మీద పట్టు తప్పినా, మూత్రం రాకుండా ఆగిపోయినా, కూర్చునే చోట, తొడల లోపలి వైపు మొద్దుబారినా అది అత్యవసరం. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారనివ్వొద్దు. కాలు రోజురోజుకూ బలహీనపడుతుంటే, చెప్పు జారిపోతున్నా తెలియకపోతుంటే, పాదం పైకి లేవకపోతే వెంటనే వెళ్లండి.

సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని వెన్నునొప్పి ఉంటే వెన్నెముక టీబీ ఉందేమో చూడాలి. మన దేశంలో అది అరుదు కాదు, మందులతో తగ్గుతుంది, ఆలస్యం చేస్తే మాత్రం వెన్ను గూని తేలుతుంది. ఇంతకుముందు క్యాన్సర్ వచ్చినవాళ్లు, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్లు, కిందపడ్డ పెద్దవాళ్లు కూడా వ్యాయామం సంగతి తర్వాత, ముందు పరీక్ష.

మా నాన్న జన్మంతా పొలంలో బరువులు మోశాడు. ఆయనకే నడుము నొప్పి. మరి బరువులు మంచివని ఎలా అంటారు?

న్యాయమైన ప్రశ్న. పనికీ వ్యాయామానికీ తేడా మోతాదులో ఉంది. వ్యాయామంలో బరువు మనం ఎంచుకుంటాం, ఎన్నిసార్లో మనమే చెబుతాం, మధ్యలో ఆగుతాం, మర్నాడు విశ్రాంతి. యూరియా బస్తా ఎత్తేవాడి వయసును బట్టి తేలికవదు. అది 45 కిలోలే. లారీ వచ్చిందంటే లోడు దిగేదాకా ఆపేది లేదు.

నాట్లు, కలుపు మరోరకం. అక్కడ చేతిలో బరువేమీ ఉండదు. కానీ గంటలకొద్దీ నడుము పూర్తిగా వంచి ఉంచడం వల్ల వెన్ను వెనక పూసలను కట్టి ఉంచే లిగమెంట్లు మెల్లగా సాగిపోతాయి. లేచి నిలబడ్డా ఆ పట్టు వెంటనే తిరిగి రాదు. సరిగ్గా ఆ సమయంలోనే నారు కట్టలు మోయాల్సొస్తుంది. పొలం పని చేసే ఆడవాళ్ల నడుము గురించి ఎవరూ మాట్లాడరు, ఎక్కువ భారం పడేది వాళ్ల మీదే.

మీ ఇంట్లో పొలం పనికి వెళ్లేవాళ్లుంటే ఇది చెప్పండి. వరుస అయిపోగానే నిలబడి, రెండు చేతులూ నడుము మీద పెట్టి వెనక్కి సాగాలి. ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ నడవాలి. ఆ తర్వాతే బరువు ఎత్తాలి. కలుపు తీసేటప్పుడు వీలైనచోట వంగే బదులు గొంతుక్కూర్చోవాలి, ఒక మోకాలు నేలకు ఆనించినా మంచిదే.

పొద్దున లేవగానే వ్యాయామం చేస్తే మంచిదంటారు కదా?

రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున మనిషి ఎత్తు సాయంత్రం కంటే ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా ఎక్కువుంటుంది. అలా ఉబ్బి ఉన్నప్పుడు పూర్తిగా వంగితే డిస్క్ మీద ఒత్తిడి బాగా పెరుగుతుంది. ఆ పెరిగిన ఎత్తులో సగం లేచిన మొదటి గంటలోనే తగ్గిపోతుంది. కాబట్టి లేవగానే పాదాలు తాకే వంపులు, డెడ్‌లిఫ్ట్‌లు వద్దు. కాఫీ తాగి, కాస్త నడిచి, గంటాగి మొదలుపెట్టండి. సూర్యనమస్కారాలు చేసేవాళ్లు కూడా నడుము పట్టేసే గుణం ఉంటే మొదటి వంపులో మోకాళ్లు మడవండి.

దండీలు, బస్కీలు చేస్తే సరిపోదా? జిమ్ ఎందుకు?

బాగానే సరిపోతాయి, చాలావరకు. మన ఊళ్ల తాలింఖానాల్లో దండీలు, బస్కీలు, గదలు, రాతి గుండ్లతో మనుషులు తయారయ్యారు. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గురించి ఉత్తరాంధ్రలో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. దండీ భుజాలకు, ఛాతీకి. బస్కీ తొడలకు, ఊపిరికి. వీటిలో లేనిది లాగుడు. వీపు పైభాగం, భుజం రెక్కల మధ్య కండలు నెట్టుడుతో రావు. అందుకని బావిలోంచి నీళ్లు తోడిన రోజుల్లో లోటు తెలియలేదేమో గానీ, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు రోయింగ్ తరహా వ్యాయామం, అంటే తెడ్డు వేసినట్టు చేతుల్ని వెనక్కి లాగేది, ఒకటి చేర్చుకోక తప్పదు. ఎన్ని నెట్టుళ్లో అన్ని లాగుళ్లు, వీలైతే కొంచెం ఎక్కువ.

బార్‌తో ఎత్తడమంటే ఏమిటో చూడాలనుకుంటే శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్ వీడియో చూడండి. 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. బార్ ఒంటికి ఎంత దగ్గరగా పైకి వస్తుందో గమనించండి.

మా అమ్మకు 62. మోకాళ్లు నొప్పులు, ఎముకలు పలచబడ్డాయన్నారు. ఈ వయసులో బరువులా?

ఈ వయసులోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో వయోజనులందరికీ వారంలో కనీసం రెండు రోజులు కండల బలం పెంచే వ్యాయామం చేయమంది. 65 దాటినవాళ్లకు, పడిపోకుండా నిలకడ పెంచే కసరత్తులు వారానికి మూడు రోజులు చేర్చింది.

అమ్మను జిమ్‌కి తీసుకెళ్లక్కర్లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడంతో మొదలుపెట్టించండి. గోడకు ఆనించిన, కదలని కుర్చీ కావాలి. ఎత్తు ఎక్కువైతే తేలిక, కాబట్టి మొదట్లో దిండు వేయండి. ఎనిమిదిసార్లు సుఖంగా లేవగలిగితే దిండు తీసేయండి. ఆ తర్వాత రెండు కిలోల పప్పు పొట్లం ఛాతీకి హత్తుకుని లేవమనండి. వంటగట్టు మీద చేతులు పెట్టి దండీలు, దాన్నే పట్టుకుని మడమలు లేపడం, పక్కనే నిలబడి ఒంటికాలి మీద పది సెకన్లు. మోకాలు చిన్నగా నొప్పిపెట్టినా మర్నాటికి మామూలైతే కొనసాగించొచ్చు. వాపు వస్తే తగ్గించాలి.

ఎముకలు బాగా పలచబడ్డవాళ్లు బరువు పట్టుకుని ముందుకు వంగడం, మెలి తిరగడం చేయకూడదు. పూసలు నొక్కుకుపోయి విరగొచ్చు. లిఫ్ట్‌మోర్ వాళ్లు చేయించారు కదా అని యూట్యూబ్ చూసి బార్ ఎత్తించకండి, అక్కడ పక్కన మనిషి నిలబడి చూశారు.

ఇంట్లో ఏమీ లేదు. దేంతో చేయను?

పుస్తకాలు నింపిన బ్యాక్‌ప్యాక్, 5 కిలోల బియ్యం సంచి, మూతున్న నీళ్ల క్యాన్, ఒక రబ్బరు బ్యాండ్. పది లీటర్ల నీళ్లంటే 10 కిలోలు, తూచే పని లేదు. బ్యాగ్ ఛాతీకి హత్తుకుని స్క్వాట్. క్యాన్‌తో హింజ్. కిటికీ ఊచకు బ్యాండ్ కట్టి లాగుడు. గట్టు మీదో, నేల మీదో దండీ. చివర్లో క్యాన్ ఒక చేత్తో పట్టుకుని, ఒళ్లు అటు ఒరగకుండా హాల్లో నడక, తర్వాత రెండో చేత్తో. ఈ ఆఖరిది చూడ్డానికి చిన్నదే. కానీ నడుము పక్క కండలకు దీన్ని మించింది నాకు తెలియదు.

వారానికి రెండు రోజులు, ఒక్కోటి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు, రెండు మూడు విడతలు. ఆగేసరికి ఇంకో రెండుసార్లు చేయగల ఓపిక మిగలాలి.

స్క్వాట్‌లో మోకాళ్లు కాలివేళ్లను దాటకూడదా?

దాటొచ్చు. బలవంతంగా ఆపితే మోకాలి భారం తగ్గుతుంది, కానీ ఒళ్లు ముందుకు వాలి ఆ భారమంతా తుంటికీ నడుముకూ చేరుతుంది. మడమ లేవకుండా, మోకాలు లోపలికి కూలకుండా చూసుకుంటే చాలు. గొంతుక్కూర్చునే అలవాటున్న మనవాళ్లకు ఇది సహజంగానే వస్తుంది.

ఎక్స్‌రేలో వెన్ను పక్కకు కొంచెం వంకర అన్నారు.

పక్క వంపు 10 డిగ్రీలు దాటితేనే దాన్ని స్కోలియోసిస్ అంటారు. చిన్న వంపులున్నవాళ్లు హాయిగా బరువులెత్తొచ్చు. ఎదిగే పిల్లలకైతే ఆర్థోపెడిక్ డాక్టర్ ఎప్పటికప్పుడు కొలుస్తుండాలి.

నడుము బెల్ట్ పెట్టుకోవాలా?

చాలా బరువు ఎత్తే రోజున, ఊపిరి బిగించడం వచ్చినవాళ్లకు పనికొస్తుంది. నొప్పి కోసం రోజంతా కట్టుకోవడం అలవాటు చేసుకోకండి.

ఆఫీసులో పది గంటలు కూర్చుంటాను. సరైన భంగిమ ఏది?

ఏ భంగిమైనా గంట దాటితే తప్పే. అరగంటకోసారి లేవండి, ఫోన్ వస్తే నిలబడి మాట్లాడండి. మానిటర్ పై అంచు కంటి ఎత్తుకు రావాలి. తల బరువు దాదాపు ఐదు కిలోలు, అది ముందుకు పోయేకొద్దీ మెడ కండలు దాన్ని లాగి పట్టుకుంటూ ఉండాలి. ఖరీదైన కుర్చీ కంటే రోజుకు నాలుగుసార్లు గడ్డం వెనక్కి లాక్కోవడం, వారానికి రెండుసార్లు రోయింగ్ ఎక్కువ మేలు చేస్తాయి.

ప్రొటీన్ పౌడర్ తప్పదా?

తప్పనిసరి కాదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో ఆరోగ్యవంతులకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. బరువులెత్తేవాళ్లకు ఇంకాస్త కావాలి. పప్పు, పెరుగు, గుడ్లు, చేప, చికెన్, శనగలు, సోయాతో అందుతుంది. అన్నం కుప్పలో పప్పు చారులా పలచగా పోసుకుంటే మాత్రం అందదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగే పెంచాలి.

ఎన్నాళ్లకు తేడా తెలుస్తుంది?

మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలం ఎక్కువగా నరాలది. మెదడు ఉన్న కండనే బాగా వాడుకోవడం నేర్చుకుంటుంది. కండ కంటికి కనిపించడానికి రెండు మూడు నెలలు. కండను ఎముకకు కట్టే స్నాయువులు ఇంకా నిదానం, ఎముకకు చాలా నెలలు. బలం వచ్చేసిందని రెండో నెలలో బరువు రెట్టింపు చేసేవాళ్లకు మోచేతి, భుజం నొప్పులు వచ్చేది ఈ తేడా వల్లే. పన్నెండుసార్లు శుభ్రంగా ఎత్తగలిగాక ఒకటి రెండు కిలోలు పెంచి, మళ్లీ ఎనిమిదితో మొదలుపెట్టండి.

మంచి ట్రైనర్‌ను ఎలా గుర్తుపట్టాలి?

మొదటి రోజు మీ పాత దెబ్బలు, ఆపరేషన్లు, మందులు, కాన్పుల గురించి అడగాలి. కుర్చీలోంచి లేవమని, వంగమని చెప్పి చూడాలి. ఖాళీ బార్‌తోనో, కర్రతోనో మొదలుపెట్టాలి. నొప్పి అంటే "అలాగే ఉంటుంది, చేయి" అనకూడదు. కండ అలసి మంటపుట్టడం వేరు, సూదితో పొడిచినట్టు, కాలిలోకి కరెంటులా దిగే నొప్పి వేరు. ఆ తేడా అతనికి తెలియాలి. ఫీజు కట్టే ముందు ఒక గంట పక్కన కూర్చుని చూస్తానని అడగండి. ఆ గంటలో అతని కళ్లు ఎత్తేవాళ్ల నడుము మీద ఉన్నాయా, ఫోన్ మీద ఉన్నాయా చూసుకుని అప్పుడు కట్టండి.